భద్రమ్మ గుట్ట

ఒక పెద్ద అడవిలో, అది ఎంత పెద్దదో ఎవరికీ తెలియకపోవడం వల్ల, రోజూ తగాదాలే. ఈ పొద నాదంటే నాదని ముళ్ళపందీ కుందేలూ, ఈ నీడ నాదంటే నాదని జింకలూ దుప్పులూ. తీర్పులు చెప్పీ చెప్పీ మృగరాజుకు మధ్యాహ్నం నిద్ర కరువైంది. రాజులు యుద్ధాన్నయినా ఓర్చుకుంటారు గానీ నిద్ర చెడితే ఓర్చుకోరు.

"అడవికి పటం గీయించండి. పటంలో ఎవరిదని ఉంటే వాళ్ళదే. ఇక నన్ను లేపొద్దు" అని హుకుం జారీ చేశాడు.

సర్వే అధికారిగా జంబులింగం అనే నక్కను వేశారు. ఎదుటివాడు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆకాశం నుంచి చూసి చెప్పడానికి అతను గద్దను పెట్టుకున్నాడు. గద్దకు చూపు గొప్పదే, కానీ కిందికి దిగి అడిగే అలవాటు లేదు.

మిట్టమధ్యాహ్నం ఒక్క చుట్టు తిరిగి వచ్చి, "నేరేడు తోపుకు పడమర పక్కన నల్లగా, గుండ్రంగా, పెద్దదొకటి ఉంది" అంది.

"కదిలిందా?"

"లేదు."

"అయితే గుట్ట" అని జంబులింగం నల్లటి సున్న చుట్టేశాడు.

ఆ గుట్ట పేరు భద్రమ్మ. ఏనుగు. పొద్దున్నే వాగులో స్నానం చేసి వచ్చి, తోపు పక్కన నిలబడి కునుకు తీస్తోంది పాపం.

జంబులింగం పటాన్ని పొరలు పొరలుగా చేశాడు. ఈనెలు మాత్రమే మిగిలిన ఎండుటాకులు తెచ్చి, వాగుకొక ఆకు, చెట్లకొక ఆకు, ఇళ్ళకొక ఆకు వాడాడు. ఒకదాని మీద ఒకటి పేర్చి వెలుతురుకు పట్టుకుంటే అడవంతా కనిపిస్తుంది. పేర్చడంలో ఇళ్ళ ఆకు కాస్త జరిగి, ముళ్ళపంది ఇల్లు వాగు నడుమ పడింది.

"అయ్యా, నా ఇల్లు పొడిగానే ఉందే!" అంది ముళ్ళపంది.

"నీకు అలా అనిపిస్తుంది. పటం ప్రకారం నువ్వు తడిసి ముద్దయ్యావు" అన్నాడు జంబులింగం.

తర్వాత మృగరాజు చూశాడు. అతని గుహ ఆవగింజంత ఉంది. జంబులింగం కొలత సంగతి చెప్పాడు. అంత అడవీ ఒక ఆకులో పట్టాలంటే అన్నీ చిన్నవవుతాయన్నాడు.

"అన్నీ అవనీ. నాదెందుకవ్వాలి?" అన్నాడు మృగరాజు.

అదీ నిజమే. వెంటనే గుహను గుమ్మడికాయంత చేశారు. దాని కింద సగం చెరువూ, నాలుగు కుటుంబాల కుందేళ్ళూ పోయాయి. మృగరాజు ముచ్చటపడి, "ఈ పటంలో ఒక్క గీత తప్పన్నవాడి తల తీస్తాను" అని పంజా ముద్ర వేశాడు.

ముద్ర పడ్డాక జంబులింగం సభలో చదివి వినిపించాడు. "హద్దులు కొలవాలంటే కదలనిది ఒకటి కావాలి. గుట్టకన్నా కదలనిది ఏముంటుంది? కాబట్టి కొలతలన్నీ నల్లగుట్ట నుంచే. ఎవరి నేల మీద వాళ్ళే ఉండాలి. దాటితే రాజుగారి పంజా దెబ్బ. ఇక గుట్టకు తూర్పున, గుట్టను ఆనుకుని ఉన్న నేల సర్వే అధికారి జంబులింగానిది."

గుట్టకు తూర్పున ఉన్నది నేరేడు తోపు. కాయలు నల్లబడే రోజులు. నేరేడు పళ్ళంటే ప్రాణం పెట్టే ఎలుగుబంటి ఎల్లమంద తోపు వైపు ఒకసారి, పటం వైపు ఒకసారి చూశాడు.

సరిగ్గా అప్పుడే భద్రమ్మ నడుచుకుంటూ సభకు వచ్చింది. పటమంతా వెతికింది. "నేనెక్కడున్నాను నాయనా?" అంది.

జంబులింగం ఆమెను చూశాడు, నల్ల సున్నను చూశాడు. విషయం అర్థమైంది. సున్న చెరిపితే తోపు పోతుంది, తోపుతో పాటు తలా పోతుంది.

"ఇదిగో అత్తా, ఇక్కడ."

"ఇది గుట్ట కదా!"

"నువ్వు గుట్టవే అత్తా. ఇన్నాళ్ళూ ఎవరూ కొలవక నీకు తెలియలేదు. ముందు నీ చోటికి వెళ్ళు, నువ్వు కదిలినందుకు అడవి హద్దులన్నీ పక్కకు జరిగిపోయాయి!"

జంతువులన్నీ గాభరాగా కాళ్ళ కింద చూసుకున్నాయి. "అందుకేనా నాకు పొద్దుటి నుంచీ కళ్ళు తిరుగుతున్నాయి!" అన్నాడు ఎల్లమంద.

భద్రమ్మకు సర్కారంటే భయం. వెళ్ళి నిలబడింది. కాసేపటికి, "దాహమేస్తోంది, వాగు దాకా వెళ్ళొస్తాను" అంది.

"గుట్టలకు దాహం వేయదు అత్తా."

చెవులు విసురుకుంటే, గుట్టలకు చెవులుండవన్నాడు. మర్నాడు కోతులు వచ్చి, బోడిగుట్టలను పచ్చగా చేసే కార్యక్రమమంటూ ఆమె వీపున మట్టి పోసి మొక్కలు నాటాయి. ఆకలికి తట్టుకోలేక ఆమె తొండం వెనక్కి చాచి ఒక మొక్క పీక్కుని తింది. కొండచరియ విరిగిపడిందని గద్ద కబురు చేసింది.

అడవి అడవంతా నవ్విందట. నాకైతే నవ్వు రాదు. దాహంతో ఉన్నదాన్ని ఎండలో నిలబెట్టి, ఆమె వీపున మొక్కలు నాటి, ఆ మొక్కలకు మాత్రం నీళ్ళు పోశారు!

ఆ నీళ్ళే కొంప ముంచాయి. వీపు మీది నుంచి జారి, రెండు చుక్కలు భద్రమ్మ నోట్లో పడ్డాయి. అంతే, ఆమెకు సర్కారు గుర్తు లేదు. మొక్కలతో, మట్టితో, మొక్కల మీద కూర్చున్న కోతితో సహా వాగు వైపు నడిచింది.

"గుట్ట నడుస్తోంది!" అని అడవి గగ్గోలు పెట్టింది. నిద్ర చెడిన మృగరాజు వాగు గట్టుకు వచ్చాడు. భద్రమ్మ నడివాగులో నిలబడి కడుపు నిండా నీళ్ళు తాగుతోంది.

"ఏమిటిది జంబులింగం? ఇది గుట్టా, ఏనుగా?"

జంబులింగానికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఏనుగంటే పటం తప్పు. పటం తప్పంటే తల పోతుంది. పైగా రాజుగారి గుమ్మడికాయ గుహా మళ్ళీ ఆవగింజవుతుంది.

"గుట్టే మహారాజా" అన్నాడు సన్నగా.

"పటం ఒప్పేనా?"

"నూటికి నూరుపాళ్ళూ."

అప్పుడు ఎల్లమంద గొంతు సవరించుకున్నాడు. జీవితంలో అతను వేసిన తెలివైన ప్రశ్న అదొక్కటే. "మహారాజా, గుట్టకు తూర్పున ఆనుకుని ఉన్న నేల కదా జంబులింగానిది? ఎవరి నేల మీద వాళ్ళే ఉండాలి కదా? మరి గుట్ట నడివాగులో ఉంటే వీడు గట్టు మీద ఏం చేస్తున్నట్టు?"

మృగరాజు పంజా ఎత్తాడు. జంబులింగం మారు మాట్లాడకుండా వాగులోకి దిగాడు. పీకల దాకా నీళ్ళు.

"అటు పడమర నాయనా, ఇటు రా" అంది భద్రమ్మ, పాపం మంచిమనసుతో.

అప్పటి నుంచీ భద్రమ్మ ఎటు నడిస్తే అటు, ఆమె తూర్పు పక్కన తోక తడిసిన నక్క ఒకటి పరుగెత్తుతూనే ఉంది. ఆమె దాహం తీరా తాగుతుంది, చెవులు విసురుకుంటుంది. తోపులో ఎల్లమంద నాలుక నల్లబడేలా నేరేడు పళ్ళు తింటున్నాడు.

మొన్న పటం సరిచూడడానికి గద్ద వచ్చింది. భద్రమ్మ తొండం నిండా నీళ్ళు పట్టి జంబులింగం నెత్తిన కుమ్మరించి, "గుట్ట మీద జలపాతం కూడా ఉందని రాసుకోమ్మా" అంది. గద్ద రాసుకుంది. కిందికి మాత్రం దిగలేదు.

నీతి: పటం ఎన్నడూ తప్పు కాదు, తప్పంతా కాళ్ళున్నవాళ్ళది.