అంబాసిడర్, ఫియట్, ఒక కోడిపెట్ట

పెళ్ళికి ముందు తీసే ఫొటో షూట్ ఈ దేశానికి దొరికిన వరం. నవ్వకండి! మా అల్లవరంలో నలభై ఏళ్ళుగా తెగని తగువుని అది పావుగంటలో తేల్చేసింది. ఏ కోర్టుకి చేతనవుతుంది చెప్పండి?

తగువేమిటంటే, నా అంబాసిడర్ గొప్పదా, ఎదురింటి బంగారరాజుగారి ఫియట్ గొప్పదా అని.

ఇంజిను చూడండి. నాది పధ్నాలుగు వందల ఎనభై తొమ్మిది సీసీ. ఆయనది వెయ్యి ఎనభై తొమ్మిది. తేడా సరిగ్గా నాలుగు వందలు. అంటే ఫియట్‌కి ఓ పెద్ద మోటారుసైకిల్ కలిపితేగాని అంబాసిడర్ అవదు. నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను గాని, లెక్కల్లో గట్టివాణ్ణి.

డిక్కీని మేము కొబ్బరికాయల్లో కొలుస్తాం. నాది నూట అరవై కాయలు, పైన ఓ పనసకాయ. ఆయనది తొంభై. దానికి ఆయన, గన్నవరం అక్విడెక్టు దగ్గర తన కారు బస్సుని దాటేసిందంటారు. దాటిన మాట నిజమే. అప్పుడా బస్సుకి టైరు మారుస్తున్నారు.

ఇక బరువంటారా! ఓసారి సఖినేటిపల్లి రేవులో నా కారు గోదావరి దాటించే పంటు ఎక్కగానే పంటు అవతలి కొస పైకి లేచింది. ఆ కొసన ఉన్న మేక ఎగిరి, మాకన్నా ముందే నర్సాపురం ఒడ్డున పడింది. చూసినవాళ్ళం ఇద్దరమే. ఒకణ్ణి నేను, రెండోది మేక.

ఇంతలో మా వీధి సత్యానందం కూతురు హేమకి పెళ్ళి కుదిరింది. ఫొటో షూట్‌కి పాత కారు కావాలంది. ఎవరి కారు తీసుకుంటే వాళ్ళదే గెలుపు, ఓడినవాడు నలుగురిలో ఒప్పుకోవాలి అని నేనూ రాజుగారూ పందెం వేసుకున్నాం.

నేను ఊరుకుంటానా? పది రోజులు మెకానిక్‌తో పాటు కారు కిందే పడుకున్నాను. ఇంజిను విప్పించాను, తెల్లరంగు వేయించాను, సీట్లకి కొత్త కవర్లు తొడిగించాను. గడ్డం గీసుకునే తీరిక లేదు, చొక్కానిండా గ్రీజు. మా ఆవిడ మంగాయమ్మ చూసి చూసి, “మన పెళ్ళికి కూడా మీరింత ముస్తాబు చేయలేదండీ” అంది.

బంగారరాజుగారు వేలు కదపలేదు. ఏడేళ్ళుగా ఆయన ఫియట్ కొట్టంలోనే ఉంది. బీరపాదు ఓ కిటికీలోంచి దూరి ఇంకో కిటికీలోంచి బయటికొచ్చింది. వెనక సీటు మీద కోడిపెట్ట పొదుగుతోంది.

అమలాపురం నుంచి ఫొటోగ్రాఫర్ దుర్గాశ్రీనివాస్ వచ్చాడు. తాళం ఒక్కసారి తిప్పగానే నా కారు స్టార్టయింది. వీధిలో రెండు చుట్లు తిప్పి చూపించాను.

“బాగా నడుస్తోందండీ. అదేనండి ఇబ్బంది. కొత్తదానిలా మెరిసిపోతోంది” అన్నాడు.

ఎదురు కొట్టంలోకి వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. “ఆయ్, ఇదేనండి! తుప్పు కూడా ఒరిజినలండి.” కోడిపెట్టని లేపనివ్వలేదు కూడా.

నేనూ వెనకే వెళ్ళాను. అతను నావైపు తిరిగి, కిందనుంచి పైదాకా ఫియట్‌ని చూసినట్టే చూశాడు.

“తాతగారూ, ఆ గడ్డం, ఆ చొక్కా అలాగే ఉండనివ్వండి. కారు మీద చెయ్యేసి నిలబడండి.”

గబగబా వెళ్ళి నా అంబాసిడర్ మీద చెయ్యేశాను.

“అక్కడ కాదండి. ఈ కారు మీద.”

“నా ఇంజిను ఇంకా బాగానే ఉంది బాబూ” అన్నాను.

“దాంతో మనకి పనిలేదండి.”

చూశారా! పనిచేసేవాటిని చూడ్డానికి ఎవరొస్తారండీ? పాడైతేనే విలువ. ఈ ఒక్క ముక్కా తెలియక ఇన్నేళ్ళూ నూనె పోసుకుంటూ కూర్చున్నాను.

ఓటమి ఒప్పుకోమని రాజుగారు అడగలేదు. ఫొటోకి ఫ్రేము కట్టించి వీధిగదిలో పెట్టారు. ముందు హేమా, పెళ్ళికొడుకూ. వెనక ఫియట్. దాన్ని వాటేసుకుని నేను. కోడిపెట్ట ఒక్కటే నావైపు జాలిగా చూస్తోంది.

ప్రస్తుతం నా అంబాసిడర్ ఎండకీ వానకీ పెరట్లో ఉంది. బంపరు పక్కన నాలుగు బీరగింజలు వేశాను. మొన్ననే మొలకెత్తాయి. గడ్డం కూడా ఇంక గీయడం లేదు. వచ్చే పెళ్ళిళ్ళ సీజనుకి కారూ నేనూ ఇద్దరం ఆ ఫియట్‌ని అందుకుంటాం.

ఎవరింట్లోనైనా పొదిగే కోడి ఉంటే కబురు పెట్టండి.