సోమ, బుధ, శుక్రవారాల నల్లచుక్క

"నేరం ఉన్నంతకాలం నేనుంటాను బామ్మర్దీ! నేనున్నంతకాలం నేరం ఉండదు!"

మా బావ ఈ మాట నా వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి, కుడిచెయ్యి ఆకాశం కేసి ఎత్తి ప్రకటించాడు. చెయ్యి ఫ్యానుకి తగలబోయి దించేశాడు.

"అలాగైతే నువ్వు రాగానే నేరం పోవాలి. నేరం పోగానే నువ్వూ పోవాలి. ఎప్పుడు బయల్దేరుతున్నావు బావా?" అన్నాను.

"వెటకారాలొద్దు. మీ అక్క అంతా చెప్పింది. ఎవడో నీ పొట్ట మీద కొడుతున్నాడు. ఇక నువ్వు గుండె మీద చెయ్యేసుకుని పడుకో. డేగకన్ను రంగంలోకి దిగింది!"

డేగకన్ను అంటే మా బావే. ఆ బిరుదు ఎవరూ ఇవ్వకపోవడంతో ఆయనే తీసుకున్నాడు. చేసేది ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా పని. కళ్ళజోడు తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో బీరువానో చెప్పలేడు. ఇంతవరకూ ఛేదించిన కేసులు రెండు. మొదటిది మాయమైన గొడుగు. మూడు రోజుల గాలింపు తర్వాత ఆయన చంకలోనే దొరికింది. రెండోది పక్కింటి పిల్లి కిడ్నాప్. అది నాలుగు పిల్లల్ని వెంటేసుకుని తిరిగొచ్చి, తన వాంగ్మూలం తనే ఇచ్చుకుంది.

బావ సంగతి ఎలా ఉన్నా, నా కష్టం మాత్రం నిజం.

నేను పళ్ళు తయారుచేస్తాను. డాక్టర్లు కొలతలూ ఫొటోలూ పంపితే, వాటికి సరిపడే పింగాణీ తొడుగులు చేసి ఇస్తాను. నా పనిలో ముప్పావు వంతు వీధి చివరి క్లినిక్ నుంచే వస్తుంది. అక్కడి డాక్టరమ్మ నన్ను 'మేస్త్రీ గారూ' అని పిలుస్తుంది. నా గొప్పల్లా ఒక్కటే. పక్క పన్ను ఎలా ఉంటే నా పన్నూ అచ్చం అలాగే ఉంటుంది. దానికి పసుపు ఛాయ ఉంటే దీనికీ ఉంటుంది, దానికి వెంట్రుకంత గీత ఉంటే దీనికీ ఉంటుంది. నవ్వితే ఏది అసలో ఏది నకిలీయో కట్టుకున్న పెళ్ళానికి కూడా తెలియదు.

ఆ గొప్పే నా కొంప ముంచింది. రెండు వారాల్లో మూడు పళ్ళు తిరిగొచ్చాయి. మూడింటి మీదా ఆవగింజలో సగమంత నల్లచుక్క. ఆ చుక్కలు నేనే, సన్న కుంచెతో, ఊపిరి బిగబట్టి మరీ పెట్టాను. ఫొటోలో పక్క పంటి మీద చుక్క ఉంది కాబట్టి పెట్టాను. తీరా నోట్లో చూస్తే ఆ పక్క పన్ను మల్లెమొగ్గలా ఉందట!

"డబ్బిచ్చి పుచ్చుపన్ను పెట్టించుకోవాలా?" అని ఒక బ్యాంకు క్యాషియరమ్మ కుర్చీలోంచి లేచి అరిచిందట.

మొదటిసారి డాక్టరమ్మ, "ఫొటో తీసేటప్పుడు ఏదో తునక ఇరుక్కుని ఉంటుంది లెండి" అంది. రెండోసారి, "మేస్త్రీ గారూ, ఒకసారి కళ్ళు చూపించుకోండి" అంది. మూడోసారి వాదించనే లేదు. అదే ఫొటో, అవే కొలతలు ఇంకో ల్యాబుకి పంపేసింది.

"ఈ సాయంత్రం ఐదింటికి వాళ్ళ పన్ను వస్తుంది. చుక్క లేకుండా బాగా వస్తే, సోమవారం నుంచి పని వాళ్ళకే. ఏమీ అనుకోకండి" అని ఫోన్ పెట్టేసింది.

గడియారం మూడున్నర చూపిస్తోంది.

"శవాల్ని చూపించు" అన్నాడు బావ.

మూడు పళ్ళూ దూది మీద పెట్టి ఇచ్చాను. భూతద్దం తిరగేసి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఈ నెల క్లినిక్ నుంచి వచ్చిన ఫొటోలన్నీ కంప్యూటర్ తెర మీద వరసగా పెట్టమన్నాడు. పెట్టాను. ముక్కు తెరకి ఆనించి ఒక్కొక్కటీ చూస్తూ, తారీకులు కాగితం మీద రాసుకున్నాడు. అప్పుడు, నా జీవితంలో మొదటిసారి, మా బావ ఒక పనికొచ్చే సంగతి కనిపెట్టాడు.

"చుక్కలన్నీ సోమ, బుధ, శుక్రవారాల్లోనే ఉన్నాయి!"

నిజమే. మంగళ, గురు, శనివారాల ఫొటోల్లో ఒక్క చుక్క లేదు.

"ఆ రోజుల్లో వేరే కెమెరా వాడతారు బావా" అన్నాను. "డాక్టరమ్మ రెండు కెమెరాలు నెల రోజుల పరీక్ష కోసం తెచ్చుకుంది. సోమ, బుధ, శుక్ర మిర్రర్‌లెస్. అది పెద్దది, లెన్సు విడిగా ఊడుతుంది, దాని చుట్టూ చేతిగాజులా గుండ్రటి ఫ్లాషు. మంగళ, గురు, శని కాంపాక్ట్. చొక్కా జేబులో పట్టేస్తుంది. లోపల బొమ్మని పట్టే సెన్సరు మాత్రం పెద్దదేనట, లెన్సు ఒంటికి అతుక్కునే ఉంటుంది. నెలాఖరుకి ఒకటి ఉంచుకుని ఒకటి తిప్పి పంపాలి."

"ఏది మంచిది?"

"నా పనికి మిర్రర్‌లెస్సే. పంటిలో వెలుగు ఎంతవరకూ దిగుతుందో కూడా చూపిస్తుంది. కాంపాక్ట్ మరీ దగ్గరికి వెళ్ళి తీయాలి, మధ్య పళ్ళు రెండూ వీధి తలుపుల్లా వస్తాయి. ఫ్లాషు ఒక పక్కనుంచే పడుతుంది. కానీ చటుక్కున తీసి చటుక్కున జేబులో వేసుకోవచ్చని డాక్టరమ్మకి అదంటే ముద్దు. నాకూ పెద్ద కెమెరా మీద అనుమానమొచ్చి అడిగాను బావా. లెన్సు కడిగిన ముత్యంలా ఉందట."

"చూశావా! కెమెరా సాక్షి బామ్మర్దీ. సాక్షిని అనుమానించడం పసివాళ్ళ లక్షణం. సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక రాక్షసుడు ఆ క్లినిక్‌లో కాటేస్తున్నాడు. అందరికీ ఒకే పంటి మీద! ఫొటో తీయగానే మచ్చ మాయం చేస్తున్నాడు. ఒక పథకం ప్రకారం సాగుతున్న దంత మారణకాండ ఇది!"

"చచ్చిందెవరు?"

"నీ వ్యాపారం. పద!"

క్లినిక్ ముందు గదిలో ఒక్క పెద్దాయన మాత్రమే కూర్చుని పేపరు చదువుతున్నాడు. డాక్టరమ్మ మామగారు. బావ ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాడు.

"మీరు ఇక్కడికి ఏ ఏ రోజుల్లో వస్తారు?"

"సోమ, బుధ, శుక్రవారాలు బాబూ."

బావ నా వైపు తిరిగి కన్ను కొట్టాడు. రెండు కళ్ళూ మూసుకుపోయాయి.

"ఎందుకు?"

"ఆ రోజుల్లో మా ఆవిడ ఇంట్లో పాట నేర్చుకుంటుంది. ఒక్కరోజు విన్నాను, అప్పట్నుంచి ఇక్కడే."

"ఆ జేబులో ఏమిటి?"

పెద్దాయన ఒక చిన్న డబ్బా తీశాడు. లోపల సూదుల్లాంటి స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, కంటికి తగిలించుకునే చిన్న భూతద్దం.

"యాభై ఏళ్ళు గడియారాలు బాగుచేశాను నాయనా. కొట్టు మూసినా చేతులు మూతపడవు కదా."

"యాభై ఏళ్ళు! ఇంత సన్నని ఆయుధాలతో!" బావ లేచి నిలబడ్డాడు. "లొంగిపోండి పెద్దాయనా. వయసు చూసి శిక్ష తగ్గించమని నేను చెప్తాను."

"దేనికి లొంగాలి?"

"పళ్ళకి చిల్లులు పెట్టినందుకు!"

"నాకున్నవే నాలుగు పళ్ళు" అన్నాడాయన, భయంగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

లోపలి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతికి తొడుగులతో నిలబడి ఉంది.

"మా మామయ్య గారి మీద అరుస్తున్నదెవరు? మేస్త్రీ గారూ, ఈయన మీ మనిషా?"

ఒప్పుకోక తప్పలేదు. "మా అక్క భర్తండి" అన్నాను, తప్పు మా అక్కదన్నట్టు.

"డాక్టర్ గారూ, పది నిమిషాలు చాలు" అన్నాడు బావ. "నేనే ఎరగా కూర్చుంటాను. నా పళ్ళు ఉక్కు. పుట్టి బుద్ధెరిగాక పంటి డాక్టరు గడప తొక్కలేదు. నన్ను రెండు కెమెరాలతోనూ ఫొటో తీయండి. పాము పుట్టలోంచి అదే బయటికొస్తుంది."

ఆవిడ గోడగడియారం చూసింది. పేషెంట్లెవరూ లేరు. ఈయన్ని వదిలించుకోవడానికి అదే దగ్గరి దారి అనుకుందేమో, లోపలికి రమ్మంది.

బావని కుర్చీలో పడుకోబెట్టి, రెండు ప్లాస్టిక్ కొక్కేలతో చెంపలు చెవుల దాకా లాగింది. డేగకన్ను కాస్తా కప్పనోరు అయింది. ఆవిడ తీరే అంత. ఎవరినైనా ఒకే దూరం నుంచి, ఒకే ఎత్తులో, ముక్కుకి సూటిగా తీస్తుంది. ముందు కాంపాక్ట్‌తో తీసింది. తర్వాత వైరుతో కంప్యూటర్‌కి కలిపి ఉన్న మిర్రర్‌లెస్ అందుకుని, ఫ్లాషు మెరిపించింది. రెండు ఫొటోలూ పెద్ద తెర మీద పక్కపక్కన పడ్డాయి.

కాంపాక్ట్ ఫొటోలో చుక్క లేదు. మిర్రర్‌లెస్ ఫొటోలో, సరిగ్గా అదే పంటి మీద, ఉంది.

"ఆఆహీ!" అన్నాడు బావ. నోట్లో కొక్కేలు ఉండటంతో 'దాడి' అలా వినిపించింది. "ఇహ్హుఏ! ఈ హహిలోఏ!" ఇప్పుడే, ఈ గదిలోనే అని.

అంటూనే కుర్చీలోంచి దూకాడు. సాక్ష్యం చెడిపోకుండా డాక్టరమ్మ చేతిలోంచి మిర్రర్‌లెస్ లాక్కుని గుండెలకి హత్తుకున్నాడు. ఒక కాలు నేల మీద పెట్టాడు, రెండోది చక్రాల స్టూలు మీద పెట్టాడు. స్టూలు ఆయన మాట వినలేదు. గది ఈ చివర నుంచి ఆ చివరకి, వైరు తోకలా ఈడ్చుకుంటూ, ఆదుకోమని "ఆహుఓండి!" అని కేకలేస్తూ, తెల్లగోడ దాకా వెళ్ళి ఆగాడు. ఆగే ముందు ఆయన బొటనవేలో మోచెయ్యో మీట నొక్కింది. ఫ్లాషు మెరిసింది.

తెర మీద ఇంకో ఫొటో పడింది. నోరు లేదు, పళ్ళు లేవు. అంతా తెల్లటి గోడ.

పైన ఎడమ వైపు, అదే చోట, నల్లచుక్క.

బావ ఒక కొక్కెం ఊడబీకి, తెర చూసి అన్నాడు.

"దుర్మార్గుడు. గోడని కూడా వదల్లేదు."

డాక్టరమ్మ గోడ దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమింది. శుభ్రంగా ఉంది. నా వైపు తిరిగింది.

"మేస్త్రీ గారూ, గోడకి పళ్ళుండవు కదా?"

"ఉండవండి" అన్నాను.

ఆవిడ మిర్రర్‌లెస్ లెన్సు ఊడదీసింది. లోపల సెన్సరు గాజుపలకలా మెరుస్తోంది. మా వెనకే గుమ్మం దాకా వచ్చిన మామగారి డబ్బాలోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుని చూసింది.

"పొడి! పళ్ళ అచ్చులు పోసే పొడి, ఇంత రేణువు! లెన్సు ముందు వైపే తుడుస్తూ వచ్చాను, ఇది దాని వెనకుంది. మరి లెన్సు ఊడదీసిందెవరు? నేనైతే ఒక్కసారీ తీయలేదు."

గుమ్మం దగ్గర పెద్దాయన పేపరు మడతపెట్టాడు. విప్పాడు. మళ్ళీ మడతపెట్టాడు.

"నేనేనమ్మా" అన్నాడు చివరికి. "మా రోజుల్లో కెమెరా లెన్సు తీస్తే వెనకాల అద్దం ఉండేది. దీనికి లేదు. కంపెనీ వాళ్ళు పెట్టడం మర్చిపోయారేమోనని, బయట పెట్టినప్పుడల్లా తీసి చూస్తున్నాను."

"రోజూ తీసి చూస్తే అద్దం మొలుస్తుందా మామయ్యా? ఇది అద్దం లేకుండా చేసిన కెమెరా! అచ్చులు పోసే బల్ల మీదే విప్పారా?"

"వెలుతురు అక్కడే బాగుంటుందమ్మా. ఆ చిన్నదాన్నీ విప్పుదామని లాగి చూశాను. లెన్సు ఊడి రాలేదు."

"అందుకే అది బతికిపోయింది!" అంది డాక్టరమ్మ. కోప్పడబోయి నవ్వేసింది.

సరిగ్గా అప్పుడే బయట బెల్లు మోగింది. కొరియర్. ఐదైంది.

నాకు నవ్వు ఆగిపోయింది. చుక్క నేరం నాది కాదని తేలింది, నిజమే. కానీ ఆ ల్యాబు పన్ను బాగుంటే, పని మాత్రం వాళ్ళకే పోవచ్చు. డాక్టరమ్మ పెట్టె విప్పి పన్ను తీసి, దీపం కింద తిప్పింది. తళతళలాడుతోంది. ఒక్క చుక్క లేదు.

"బాగుందండి" అన్నాను. చూసేవాడు చూసినట్టు చెప్పాలి కదా.

ఆవిడ ఆ పేషెంటు ఫొటో తెర మీదికి తెచ్చి, పన్నుని దాని పక్కన పట్టుకుంది. బావ సాక్ష్యంగా జేబులో వేసుకొచ్చిన నా మూడో పన్ను తీసుకుని రెండో పక్కన పట్టుకుంది. చాలాసేపు అటూ ఇటూ చూసింది.

"వీళ్ళకి పంపింది కూడా ఈ చుక్క ఉన్న ఫొటోనే" అంది నెమ్మదిగా. "చుక్క సంగతి నేను వాళ్ళకి చెప్పలేదు. మరి వీళ్ళు ఎందుకు పెట్టలేదు? పోనీ తప్పనుకుని వదిలేశారనుకుందాం. ఈ పసుపు ఛాయ ఏది? అంచున ఈ గీత ఏది?"

నేను కూడా తెర దగ్గరికి వంగి చూశాను.

"ఫొటో తెరవనే లేదు మేస్త్రీ గారూ! సున్నం కొట్టి పంపేశారు. మీరు లేని చుక్కని కూడా చూసి పెట్టారు." పన్నుని పెట్టెలో పడేసింది. "సోమవారం పదింటికి నాలుగు కొలతలు పంపుతాను. మీ దగ్గర చోటుందా?"

"ఉందండి" అన్నాను.

"పెద్ద కెమెరానే ఉంచుకుంటాను. లెన్సు చుట్టూ టేపు వేస్తాను. మామయ్యా, వింటున్నారా?"

"కేసు ముగిసింది!" బావ రెండో కొక్కెం కూడా తీసేసి, ఛాతీ ముందుకి పెట్టాడు. "నేరస్థుణ్ణి గోడకి ఆనించి పట్టుకున్నాను. ధన్యవాదాలు అక్కర్లేదు. డేగకన్ను వస్తుంది, చూస్తుంది, వెళ్ళిపోతుంది."

"ఆగండి" అంది డాక్టరమ్మ. ఆవిడ ఇంకా తెరనే చూస్తోంది. బావ నోటి ఫొటో మళ్ళీ తెచ్చి పెద్దది చేసింది. "కుడివైపు, ఈ చివరి పన్ను. ఇదేమిటి?"

"ఏముంది, దుమ్ము!" అన్నాడు బావ. "ఇందాకటి దుమ్ముకి తమ్ముడు."

ఆవిడ కాంపాక్ట్‌తో తీసిన ఫొటో కూడా అంతే పెద్దది చేసి పక్కన పెట్టింది. అదే పన్ను, అదే నలుపు, నిలువుగా ఇంత గొయ్యి. నెల రోజుల పోటీలో ఆ రెండు కెమెరాలూ ఒకే మాట మీద నిలబడ్డది ఆ ఒక్క చోటే.

బావ తలుపు వైపు చూశాడు. తలుపుకి అడ్డంగా పెద్దాయన నిలబడి ఉన్నాడు, చేతిలో డబ్బాతో.

"లొంగిపో బాబూ" అన్నాడాయన. "వయసు చూసి తగ్గించమని నేను చెప్తాను."

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి వాల్చింది. బావ అందులో కూలబడి, నా చొక్కా అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"బామ్మర్దీ, మీ అక్కకి ఫోన్ చెయ్యి. నేను పోరాడే పడ్డానని చెప్పు."