హరి నాన్నకి ఆఖరి పిలుపు

ఆ రోజు పొద్దున్న మోహనకృష్ణ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తాకేటాలో ఇంటి నుంచి టాక్సీ, మింగళాడోన్ ఎయిర్‌పోర్టులో విమానం, మధ్యాహ్నానికి బేంకాకులో మరదలు భాగ్యవతి ఇంట్లో భోజనం. బర్మా మినుములు ఎగుమతి చేసే కంపెనీ తరఫున ఆయన నెలనెలా ఎగురుతూనే ఉంటాడు. విమానాల కంపెనీ ఇచ్చిన వెండి రంగు కార్డుని జేబులో కాదు, మెడలో వేసుకుని తిరుగుతాడు. అలా ఎగిరి ఎగిరి పోగేసిన పాయింట్లతో ఈసారి భార్య సుధామణికి టికెట్టు తీశాడు. పెళ్ళయిన నాటి నుంచీ ‘వచ్చే ఏడు చూద్దాం’ అంటూ నెట్టుకొచ్చిన మొదటి విమానం ఆవిడకి ఇదే. ఆ పాయింట్లు ఆ ఒక్కరోజు దాటితే చెల్లవు. ఈ విమానం తప్పిందా, సుధామణికి మళ్ళీ వచ్చే ఏడే.

గడప దాటుతుంటే అత్తగారు దేముడమ్మ కోడల్ని పక్కకి పిలిచింది. "గాల్లోకి ఎల్లే మనిషి. ఇయ్యాల మాత్రం ఆడి పేరు నోట్లోంచి రానీకు తల్లీ."

ఆ హెచ్చరిక అవసరమే లేదు. సుధామణి మొగుడి పేరు ఇంతవరకూ పలికిన పాపాన పోలేదు. కొడుకు పుట్టకముందు ‘ఇదిగో’ అనేది, పుట్టాక ‘హరి నాన్న’ అంటోంది.

టాక్సీలో మోహనకృష్ణ పాఠం మొదలుపెట్టాడు. "విమానంలో కాలక్షేపం అన్నది ఒక విద్య సుధా. తెలీనోళ్ళు కిటికీలోంచి చూసి ఊరుకుంటారు. తెలిసినోళ్ళు ముందే సినిమాలు దింపుకుని, చెవులకి ఇవి తగిలించుకుంటారు. పక్కోడు గుండెలు బాదుకున్నా ఇనపడదు."

"గంట ప్రయాణానికి ఇదంతా ఏటండీ?"

"ఏటీ చెయ్యకుండా కూకుంటే గంట ఎంత పొడుగో నీకేటి తెలుసు?"

పై నుంచి చూస్తే తమ నది ఎలా ఉంటుందో అన్నదొక్కటే సుధామణి ఆలోచన.

ఎయిర్‌పోర్టు వరసలో వాళ్ళ వెనక బలరాం అనే పెద్దాయన నిలబడ్డాడు. పూర్వీకులది గంజాం, ఉండేది నది అవతల దలాలో, వెళ్ళేది కలకత్తా. తనని దింపి వెళ్ళిన కొడుకు హరి ఎంత బుద్ధిమంతుడో వరస కదిలినంతసేపూ చెప్పాడు. మోహనకృష్ణకి తల వాచిపోయింది. ప్రయాణం చెయ్యడం తెలియని మనుషులు ఇలాగే పక్కవాళ్ళని తింటారని ఆయన అభిప్రాయం.

గేటు దగ్గర కూర్చుని టాబ్లెట్ తీశాడు. నొక్కితే వెలగలేదు. చార్జింగ్ పెట్టిన మాట నిజమే గానీ, రాత్రి తాకేటాకి కరెంటు వంతు రాలేదు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"లాంజ్‌లోకి ఎల్లి చార్జింగ్ పెట్టుకుని వొచ్చెస్తాను. కార్డుకి ఒక్కరినే రానిస్తారు. నువ్వు ఇక్కడే కూకో."

"ఈలోగా పిలిచెస్తే?"

"నాకు తెలీని పిలుపులా?" అని ఆయన వెళ్ళిపోయాడు.

లాంజ్‌లో మెత్తని కుర్చీలున్నాయి, ప్లగ్గులున్నాయి. ప్రకటనల గోల ఉండదు, అదే ఆ గది గొప్ప. విమానం ఎక్కకముందే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం ఆయన క్రమశిక్షణ, పెట్టాడు. టాబ్లెట్‌కి ప్రాణం వచ్చింది. సినిమా సరిగ్గా దిగిందో లేదో చూద్దామని హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. సినిమా సరిగ్గానే దిగింది. కథ కూడా బాగానే ఉంది.

ఇక్కడ గేటు తెరిచారు. జనం ఎక్కుతున్నారు. సుధామణి పక్కకి జరిగి నిలబడింది. ఫోన్ చేస్తే ఆయన ఫోన్ పలకలేదు. గేటు దగ్గర పనిచేసే మ సూ అనే అమ్మాయి బర్మీస్‌లో అడిగింది. "ఎందుకు ఆగారు ఆంటీ?"

"మా ఆయన లాంజ్‌లో ఉన్నారమ్మా. పిలిపిస్తావా?" అంది సుధామణి, తనూ బర్మీస్‌లోనే.

"అలాగే. పేరు చెప్పండి."

మొగుడి పేరు నోట రాక సుధామణి తన టికెట్టు చాపింది. టికెట్లు చూద్దామంటే ఆయనది కంపెనీ కొన్నది, ఆవిడది పాయింట్లది. రెండింటికీ సంబంధం లేదు. ఇంకా ఎక్కని వాళ్ళు బోలెడంతమంది ఉన్నారు.

"పోనీ, కాగితం మీద రాయండి ఆంటీ."

రాయడం సంగతి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. సుధామణి తాకేటాకి ఫోన్ చేసి అత్తగారిని అడిగింది. దేముడమ్మ తేల్చి చెప్పింది. "నోటి మాటంటే గాలికి పోద్ది. రాసింది పోదు గదా తల్లీ. అది మరీ పెమాదం."

దాంతో సుధామణి తనకి తెలిసిన పేరే చెప్పింది. మ సూ ఒక అట్ట మీద ‘హరి తండ్రి’ అని బర్మీస్‌లో, ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసి, తోటి ఉద్యోగి చేతికిచ్చి లాంజ్‌కి పంపింది.

ఆ ఉద్యోగి అట్ట పట్టుకుని కుర్చీల మధ్య తిరిగాడు. మోహనకృష్ణ ఒక చెవి తెరిచి అట్ట చదివాడు. ఎయిర్‌పోర్టులో అడుగుపెట్టాక ఆయన వెండి కార్డు మోహనకృష్ణే గాని, ఒకరి తండ్రీ కాదు, ఒకరి మొగుడూ కాదు. పైగా ఇంట్లో కొడుకుని ‘ఒరే’ అని తప్ప పిలిచి ఎరగడు.

"హరి తండ్రా? నాకు తెలుసు," అన్నాడు. "భుజాన తువ్వాలేసుకున్న పెద్దాయన, కలకత్తా గేటు దగ్గర ఉంటాడు. మొదటిసారి ఎక్కేవాళ్ళతో ఇదే చిక్కు." ఒక మనిషికి సాయం చేసిన తృప్తితో చెవి మూసుకున్నాడు.

ఆ అట్ట చూసి బలరాం రొప్పుతూ సుధామణి ఉన్న గేటుకి వచ్చి పడ్డాడు. "మా హరికి ఏటైంది? ఎవులు పిలిచినారు?" కొడుక్కి ఫోన్ చేశాడు. కారు నడుపుతున్న హరి ఎత్తలేదు. బుద్ధిమంతుడు గదా. దాంతో బలరాం తాకేటాలో ఉన్న తమ్ముడికి ఫోన్ కొట్టాడు. "హరికి ఏటో అయిందట. ఎయిర్‌పోర్టోళ్ళు పిలిచి సెప్పినారు." తమ్ముడి భార్య పక్కింటికి చెప్పింది. పక్కింటావిడకి తెలిసిన హరి ఒక్కడే, దేముడమ్మ మనవడు. కబురు వీధి చివర దేముడమ్మకి చేరేసరికి హరి ఆసుపత్రిలో ఉన్నాడు.

సుధామణి దణ్ణం పెట్టి అసలు సంగతి చెప్పేదాకా బలరాంకి ఊపిరి ఆడలేదు. ఈలోగా అందరూ ఎక్కేశారు. మ సూ కంప్యూటర్‌లో చూస్తే మిగిలినవి రెండే పేర్లు. "మోహనకృష్ణ?" అంది. సుధామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. మ సూ ఆ పేరుని మైకులో గట్టిగా పిలిచింది. ఆ పిలుపు ఎయిర్‌పోర్టంతా వినిపించింది, ఒక్క లాంజ్‌లో తప్ప.

"తలుపు వేసేస్తున్నారు ఆంటీ. ఎక్కుతారా, ఉండిపోతారా?"

సుధామణి ఆయన్ని వదిలి రెండు బస్టాపులు దాటి కూడా ఎప్పుడూ వెళ్ళలేదు. ఏడుపు వచ్చేసింది. ఇక్కడ ఆగిపోతే మళ్ళీ వచ్చే ఏడు, ఆ తరవాత ఇంకో వచ్చే ఏడు.

"ఎల్లమ్మా," అన్నాడు బలరాం. "ఆయన రోజూ ఎగిరీవోడు, రేపైనా ఎగురుతాడు. నీకు రేపు లేదు."

సుధామణి కళ్ళు తుడుచుకుని, సంచి చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచింది.

సినిమా అయిపోయాక మోహనకృష్ణ ఒళ్ళు విరుచుకుని, టైము చూసుకుందామని ఫోన్ తీశాడు. అలవాటుగా ఫ్లైట్ మోడ్ తీసేశాడు. ఫోన్ చేతిలో గిలగిల కొట్టుకుంది. తాకేటాలో సగం జనం పంపిన సందేశాలు. ‘హరికి ఎలా ఉంది?’ ‘హరిని ఏ ఆసుపత్రిలో పెట్టారు?’ ‘మీయమ్మ ఏడుస్తంది.’ టాబ్లెట్‌ని ప్లగ్గుకే వదిలేసి గేటుకి పరిగెత్తాడు.

"అమ్మా, నేను హరి తండ్రిని. మా హరికి ఏమైంది?" అని బర్మీస్‌లో అరిచాడు.

మ సూ ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. "మీరేనా? ఇంతసేపూ మీకోసమే కదండీ వెతికాం," అంది. వేలితో అద్దం అవతల ఆకాశం చూపించింది.

కొడుక్కి ఫోన్ చేస్తే వాడు ఆఫీసులో టీ తాగుతున్నాడు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది, వెంటనే సిగ్గేసింది. సుధామణి కూర్చున్న కుర్చీలోనే కూలబడి, అట్ట మీది అక్షరాలు గుర్తొచ్చిన కొద్దీ తలకొట్టుకున్నాడు. చాలాసేపటికి లేచి, బయటికొచ్చి ఊళ్ళోకి వెళ్ళే బస్సెక్కాడు. కూర్చోడానికి చోటు లేదు.

బస్సు ట్రాఫిక్‌లో ఆగి ఉండగా సుధామణి ఫోన్ చేసింది. "దిగిపోయానండీ. బాగ్యం వొచ్చింది."

"ఒక్కదానివీ బయపడ్డావా? అంతసేపూ ఎలగ గడిపేవు?"

"ఒక్కదాన్నేటండీ, విమానం నిండా జనమే గదా. పక్కావిడ నాకు కిటికీ ఇచ్చీసింది. నది చూసి, మబ్బులు చూసి, ఆవిడ కోడలి గొడవ ఇంటన్నాను. సగంలో ఉండగానే దింపీసినారు." తరవాత ఆవిడే అడిగింది. "మీరు ఇంటికి చేరినారా?"

"వొచ్చెసేను, దగ్గిర్లోనే ఉన్నాను," అన్నాడు మోహనకృష్ణ.

బస్సు ఇంకా మింగళాడోన్ దాటలేదు.