వాషరైన చక్రవర్తి

సాయంత్రం ఐదింటికి నాణేల వ్యాపారి దగ్గరికి వెళ్లి, నాణెం అసలుదో నకిలీదో తేల్చుకుని, ధర కట్టించి అమ్మేయాలి. ఆ ఉదయం భార్యాభర్తలు వేసుకున్న పథకం ఇంతే. ఆ వెండి నాణెం ఆవిడ తాతగారు దాచింది. రోమన్ చక్రవర్తులది అనేవారాయన. ఇంటి యజమాని నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. నాణెం మంచి ధర పలికితే సొంత గూడు, లేకపోతే మళ్లీ టులెట్ బోర్డుల వేట.

"మధ్యలో మీ తెలివితేటలేవీ పెట్టకండి," అంది భార్య.

"బరువు తెలీకుండా బేరానికెళ్తే నెత్తిన టోపీ పెడతాడే. మా ఫ్యాక్టరీ తూకం వెంట్రుకని కూడా తూస్తుంది," అంటూ ఆయన నాణేన్ని జేబులో వేసుకున్నాడు.

ఆయన స్టోర్స్‌లో పెద్ద గుమాస్తా. వెనకాల అందరూ రూలుకర్ర అంటారు. మనిషిని చూస్తే రూలుకర్రే నయం, అదైనా గీత గీయడానికి పనికొస్తుంది.

తూకం గదిలో పనిచేసే అమ్మాయి అడ్డుపడింది. "నంబరు లేని వస్తువు తూకం ఎక్కకూడదు సార్. మీరు పెట్టిన రూలే."

ఆయనకు కోపం రాకపోగా ముచ్చటేసింది. ఇంత చిన్న వస్తువు మీద పెయింటు నిలవదు కనుక నంబరు అచ్చు కొట్టించాడు. 1127 అనే అంకె నాణెం మీది చక్రవర్తి బొమ్మకు చెంప మీద లెంపకాయలా పడింది.

తరువాత రిజిస్టరు. అందులో బోల్టు, నట్టు, వాషరు ఉన్నాయి గాని నాణేనికి గడి లేదు. గుండ్రంగా, పల్చగా ఉంది కదా అని వాషరు కింద రాసేశాడు.

సంతకం పెట్టాల్సిన తనిఖీ అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "వాషరన్నారు, మరి చిల్లేదండీ?"

గుమాస్తా రిజిస్టరు వైపు చూశాడు. ముప్ఫై ఏళ్లుగా ఆయన రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదు. రాత మార్చడం కంటే వస్తువును మార్చడమే తేలికనిపించింది. డ్రిల్లింగ్ మిషన్ పక్క గదిలోనే ఉంది. బుర్ర మాత్రం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

ఐదింటికి భార్యతో కలిసి వెళ్లి, వ్యాపారి బల్ల మీద నాణెం ఉన్న కవరు విప్పి, తూకం చీటీ కూడా జతచేశాడు గర్వంగా. భార్య నాణేన్ని చూసి కుర్చీలో కూలబడింది.

వ్యాపారి భూతద్దంతో అంచు చూశాడు, అక్షరాలు చూశాడు. "అసలుదేనండీ. పోత పోసిన నకిలీ కాదు. ఈ అచ్చు చాలా అరుదు. మొన్న ఇలాంటిదే చిన్న ఇల్లంత ధర పలికింది."

"మరి ఇది?" అన్నాడు గుమాస్తా.

"ఇదా? వెండి ధర. అదీ చిల్లు పోను. బరువే కావాలంటే నా తూకం ఇదిగో, ఊరికే చూసిపెట్టేవాణ్ణి కదండీ."

గుమాస్తా తల వంచుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక రూలును తిట్టుకున్నాడు, అదీ మనసులోనే.

భార్య నాణేన్ని పైకెత్తి, చిల్లులోంచి మొగుణ్ణి చూసింది. "రెండు వేల ఏళ్లండీ! ఎన్ని యుద్ధాలు చూసిందో, ఎంతమంది దొంగల చేతుల్లో పడిందో! ఒక్కళ్లైనా దీన్ని ఇలా తగలేశారా?"

పాపం, వాళ్లెవరికీ రిజిస్టరు లేదు.