ఎవరూ కోడలు కాని ఇల్లు

ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పులిహోర కలుపుకోవాలి, సీసాల్లో మంచినీళ్ళు నింపుకోవాలి, ఎండ ముదరకముందే గోల్కొండ ఎక్కి దిగాలి. మగవాళ్ళిద్దరూ ఆటో మాట్లాడుకొస్తామని తెల్లవారుతూనే టోలిచౌకి వైపు నడిచి వెళ్ళారు. శేషారత్నం చింతపండు నానబెట్టి, చెల్లెలు తల దువ్వుకుంటుంటే చూస్తూ కూర్చుంది. గోల్కొండ మీద ఆవిడకేమీ మోజు లేదు. మర్నాటి సాయంత్రం సికింద్రాబాదులో సత్యలక్ష్మిని రైలెక్కించాలి. చెల్లెలి భర్త సుబ్రహ్మణ్యానికి గౌహతి బదిలీ అయింది. అంత దూరం వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో, వచ్చేసరికి ఎవరెలా ఉంటారో! కోట కన్నా చెల్లెలి జడనే ఎక్కువసేపు చూడాలనిపించింది.

"ఇంకో నాలుగు రోజులుందామండీ అని అడిగానక్కా. చేరాల్సిన తేదీ అంటే చేరాల్సిన తేదీయే అన్నారు," అంది సత్యలక్ష్మి. "ఆయనకి గోడగడియారాన్నిచ్చి పెళ్ళి చేయాల్సింది. పొరపాటున నన్నిచ్చారు."

ఈ బస కుదర్చడానికి శేషారత్నం భర్త వెంకటరామయ్య ఏలూరులో వేసవంతా తర్జనభర్జన పడ్డాడు. బస ఎంచడంలో తనంతవాడు లేడని ఆయన నమ్మకం. ఏ ఊరెళ్ళినా ముందు కుళాయి తిప్పుతాడు, తర్వాత మంచం మీద కూర్చుని ఊగుతాడు, చివరికి దిండు వాసన చూస్తాడు. లాడ్జి అంటే నల్లులన్నాడు. సత్రం అంటే నాలుగు రోజులు కాగానే పొమ్మంటారన్నాడు. మంచి హోటలంటే రెండు గదులు, మధ్యలో గోడ. కృష్ణానగర్‌లో ఒంటిగదులు దొరుకుతాయని ఎవరో చెబితే, "నలుగురం నిలబడి నిద్రపోవాలి" అని కొట్టిపారేశాడు. బంధువుల ఇళ్ళ మాటెత్తినప్పుడు మాత్రం శేషారత్నమే చేతులు జోడించింది.

"మీవైపు వాళ్ళింటికెళ్తే నేను కోడల్ని. మరిదిగారివైపు వాళ్ళింటికెళ్తే అది కోడలు. ఎవరో ఒకరం వంటింట్లోనే ఉండిపోతాం. ఎవరూ కోడలు కాని ఇల్లొకటి చూడండి, నాకదే చాలు."

నిజమే. పెళ్ళిళ్ళయ్యాక అక్కచెల్లెళ్ళిద్దరూ కలుసుకున్నదల్లా ఎవరో ఒకరి శుభకార్యంలోనే. మాట్లాడుకున్నదల్లా చేతిలో గరిటె పెట్టుకునే.

అప్పుడు వెంకటరామయ్యకి సూర్యప్రకాశరావు గుర్తొచ్చాడు. కలిసి చదువుకున్నవాడు, మద్రాసులో స్థిరపడ్డాడు, జూబ్లీహిల్స్‌లో మేడ కట్టాడు. "ప్రస్తుతానికి ఖాళీగానే ఉంది, వెళ్ళి ఉండండి" అని తాళంచెవి పంపించాడు.

దిగిన రోజున కుళాయి, మంచం, దిండు, మూడూ పరీక్ష నెగ్గాయి. కాని ఎర్రటి ఫోను ఎత్తి చూస్తే దానికి వైరు లేదు. పుస్తకాలంటే ప్రాణం పెట్టే శేషారత్నం అద్దాల బీరువాలోంచి ఆశగా ఒకటి లాగితే వరసంతా కలిసి ఊడి వచ్చింది. అన్నీ అట్టలే, లోపల ఒక్క కాగితమూ లేదు. పూలకుండీలో గులాబీలు ప్లాస్టిక్‌వి.

"డబ్బున్నవాళ్ళు. వాడుకోవడానికి కాదు, చూసుకోవడానికి పెట్టుకుంటారు" అని తేల్చేశాడు వెంకటరామయ్య.

ఇప్పుడు చింతపండు ఇంకా నానుతూనే ఉంది, గేటు ముందు పెద్ద వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి అరటిబోదెలు, మామిడాకులు, బంతిపూల బుట్టలు దిగాయి. వెనకే ఇడ్లీ గిన్నెలు. భుజాన తువ్వాలు వేసుకున్న హనుమంతు అనే మనిషి లోపలికొచ్చి వీళ్ళను చూసి మురిసిపోయాడు.

"వచ్చేశారా అమ్మా! ఇంత పెందరాళే వచ్చినవాళ్ళని నా సర్వీసులో చూళ్ళేదు. ముందు టిఫిన్ చేసేయండి. తర్వాత పట్టుచీరలు కట్టుకుని హాల్లోకి రండి."

అతను వెళ్ళిపోయాడు. ఇడ్లీలు మాత్రం వచ్చాయి.

"ఏంటక్కా ఇదీ?"

"ఏముంది, సూర్యప్రకాశరావుగారింట్లో పెళ్ళి! మనం ఇంట్లో ఉండగా పిలవకపోతే బావుండదని పిలుస్తున్నారు."

"ఎవరి పెళ్ళో అడిగొద్దామా?"

"వాళ్ళ ఇడ్లీ తింటూ పెళ్ళెవరిదని అడుగుతావుటే? పరువు పోదూ!"

పరువు కాపాడుకోవడం కోసం ఇద్దరూ ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకున్నారు. రేపు చెల్లెలికి బొట్టుపెట్టి ఇద్దామని దాచిన జాకెట్టుగుడ్డని శేషారత్నం పెళ్ళికూతురి కోసం కొంగులో పెట్టుకుంది. హాల్లో దీపాల వేడికి చెమటలు పట్టాయి. ఈమధ్య పెళ్ళిళ్ళను వీడియో తీయించుకోవడం వచ్చింది కదా. ఏలూరులో కెమెరా భుజాన మోసేంత ఉంటుంది, ఇక్కడ చక్రాలబండి మీద తోసేంత ఉంది. వీళ్ళ స్తోమతుకి తగ్గట్టే ఉందనుకుంది ఆవిడ. టోపీ పెట్టుకున్న ఒకాయన కనిపించినవాళ్ళందరి మీదా అరుస్తున్నాడు. పెళ్ళికూతురి మేనమామ అయుంటాడు.

ముహూర్తం తెల్లవారుజామునే అయిపోయినట్టుంది, నేరుగా అప్పగింతల దగ్గరికి వచ్చేశారు. పెళ్ళికూతురు పాలలో చేతులు ముంచి అత్తగారి చేతుల్లో పెట్టింది. బక్కపలుచని పిల్ల, కొయ్యబొమ్మలా నిలబడింది. చుట్టూ ఒక్కరి కంటా తడి లేదు. ఎరగనివాళ్ళ అప్పగింతలకే కొంగు తడిపేసుకునే శేషారత్నం ఈ అన్యాయం చూడలేకపోయింది. చరచరా వెళ్ళి ఆ పిల్ల చేయి పట్టుకుంది.

"ఏమ్మా, నీకోసం ఏడ్చేవాళ్ళే లేరా? చూడు తల్లీ, వెళ్తానని అనకు. వెళ్ళొస్తానను. రేపు నా చెల్లెలూ వెళ్ళిపోతోంది. దానికీ ఇదే చెప్పాలి. పొద్దుట్నించీ నోరు పెగలటం లేదు."

వెనకే ఉన్న సత్యలక్ష్మి అక్క భుజం మీద వాలి బావురుమంది. పెళ్ళికూతురు నిజంగానే ఏడ్చింది. కాఫీలు తెచ్చిన వంటాయన కూడా గోడవైపు తిరిగాడు.

"కట్!" అని అరిచాడు టోపీ ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. "అద్భుతం! అమ్మా, ఇంకొక్కసారి చేద్దాం."

"అప్పగింతలు ఇంకోసారా? అశుభం కాదూ!"

ఆవిడ చూస్తుండగానే పెళ్ళికొడుకు తలపాగా తీసి సిగరెట్టు ముట్టించాడు. అత్తగారు, ఆ పాలగిన్నె తీసేయండ్రా వాసనొస్తోందంది. మేనమామ డైరెక్టరయ్యాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో పట్టుచీరల గుంపొకటి వగరుస్తూ దిగింది. ముందున్న భూలక్ష్మి అనే ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందన్నా హనుమంతన్నా, మా బండి తొవ్వల ఆగిపోయిందని నడుసుకుంట వస్తే, గీడ ఏడుపు గూడ అయిపాయె! ఈ అమ్మలెవరు?"

హనుమంతు అక్కచెల్లెళ్ళను ఎగాదిగా చూశాడు. ఆ మేడని షూటింగులకే అద్దెకిస్తారట. వచ్చేవారం తీయాల్సింది, హీరోయిన్ కాల్షీట్లు మారి ముందుకు జరిగింది. కృష్ణానగర్ నుంచి రావలసిన జూనియర్ ఆర్టిస్టులు వీళ్ళేననుకున్నాడట.

శేషారత్నం చెల్లెలి చేయి పట్టుకుని గుమ్మంవైపు తిరిగింది. "తప్పయిపోయింది బాబూ, మేం వెళ్ళిపోతాం."

"ఎలా వెళ్తారమ్మా? షాటులో ఉన్నారు!" అన్నాడు డైరెక్టరు. "మిగతా సీను పూర్తయ్యేదాకా అవే చీరలు, అవే పూలు, అదే ఏడుపు. మధ్యలో మీరు మాయమైతే జనం నన్ను తిడతారు. ఎల్లుండి దాకా కదలడానికి వీల్లేదు."

ఆటో మాట్లాడుకుని లోపలికి వస్తున్న సుబ్రహ్మణ్యం ఈ మాట విన్నాడు. "కుదరదండీ. రేపు సాయంత్రం మా రైలు. చేరాల్సిన తేదీ..."

డైరెక్టరు అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "సార్, పెళ్ళికూతురి బాబాయిగా నిలబడతారా? చేతిలో సూట్‌కేసు. ఒక డైలాగు కూడా ఇస్తాను."

సుబ్రహ్మణ్యం దీపాలవైపు చూశాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు. "టెలిగ్రాఫ్ ఆఫీసు ఎంత దూరమండీ?" అని అడిగాడు.

కుటుంబంలో పెళ్ళి, తప్పనిసరిగా ఉండాలి, సెలవు పొడిగించండి అని తంతి వెళ్ళింది.

"నేనేడిస్తే కదలని మనిషి!" అంది సత్యలక్ష్మి. ఏడవాలో నవ్వాలో ఆవిడకి తెలియలేదు. అయినా ఆ కాసేపటికి ఏడవమనే చెప్పారు.

సాయంత్రమయ్యేసరికి వీళ్ళ పడకగదిలో లైట్లు చేరాయి, వంటింట్లో మేకప్ చేరింది. వెంకటరామయ్య ఎంచిన దిండు మీద హీరో తల చేరింది. ఆయన వైరులేని ఫోను పక్కన దిగాలుగా కూర్చున్నాడు. భూలక్ష్మే దారి చూపించింది.

"ఫికర్ జెయ్యకు పెద్దాయనా. కృష్ణానగర్‌ల నా అర్ర ఉంది. జర ఇరుకే. మీరిద్దరు డాబా మీద పండుకోండ్రి, అమ్మలు నాతోని ఉంటరు."

అది ఒంటిగదే. కుళాయిలో నీళ్ళు దారంలా వస్తున్నాయి. ఊగి చూడ్డానికి మంచమే లేదు. భూలక్ష్మి ఎదురుగా నిలబడటంతో వెంకటరామయ్యకి దిండు వాసన చూసే ధైర్యమూ లేకపోయింది. అక్కచెల్లెళ్ళకు మాత్రం ఒక చాప, ఒక దుప్పటి దొరికాయి. చిన్నప్పటిలాగే సత్యలక్ష్మి దుప్పటి తనవైపు లాక్కుంది, శేషారత్నం చిన్నప్పటిలాగే గిల్లింది. భోజనం షూటింగు నుంచి క్యారియర్లో వచ్చేది. భూలక్ష్మి గరిటె ముట్టనిచ్చేది కాదు. "మీరు జూనియర్లు, కూసోండ్రి" అనేది. పెళ్ళయ్యాక మొదటిసారిగా ఇద్దరూ ఎవరికీ ఏమీ వడ్డించకుండా, అమ్మ పోయిన సంగతి, నాన్న కోపాలు, చిన్నప్పుడు తిరిగిన చోట్లన్నీ తలుచుకుని, అలిసిపోయేదాకా మాట్లాడుకున్నారు.

షూటింగు ముగిసి రైలెక్కే రోజున, స్టేషన్లో ఏం జరుగుతుందోనని వెంకటరామయ్య పెద్ద తువ్వాలే తెచ్చాడు. రైలు కూత పెట్టింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కన్నీళ్ళు రాలేదు. షాటు వెంట షాటుకి ఉన్నవన్నీ అయిపోయాయి.

"వెళ్ళొస్తానక్కా."

"ఊఁ. ఇంకో టేకుకి త్వరగా రా."

రైలు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి సత్యలక్ష్మి నవ్వు కనిపిస్తూనే ఉంది.

సినిమా ఏలూరు వచ్చింది. సుబ్రహ్మణ్యం డైలాగు కత్తెరకు పోయి సూట్‌కేసు మిగిలింది. గౌహతి నుంచి సత్యలక్ష్మి ప్రతి ఉత్తరంలోనూ వచ్చే వేసవికి వస్తామనే రాస్తుంది. ఆ సినిమా ఏ పాత హాల్లోకి మళ్ళీ వచ్చినా శేషారత్నం వెళ్తుంది, ఆ సీను చూసి లేచి వచ్చేస్తుంది. అందులో పెళ్ళికూతురు ప్రతి ఆటకీ వెళ్ళిపోతుంది గాని, చెల్లెలు మాత్రం ఆవిడ భుజం మీదే ఉంటుంది.

వెంకటరామయ్యని ఇప్పటికీ బస గురించి అడిగేవాళ్ళున్నారు. కుళాయి సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఫోనుకు వైరుందేమో చూడండని చెబుతున్నాడు.