జుమకదిర్ బహుప్రవేశ విజయం

హిమకిరీటధారులైన తియన్‌షాన్ పర్వతరాజులు నిండుకొలువు తీరి చూస్తుండగా, ఎంత చలికైనా గడ్డకట్టేది లేదని భీష్మించుకున్న ఇస్సిక్-కుల్ సరోవరపు దక్షిణతీరాన, ఆప్రికాట్ చెట్లు పూయాలా మానాలా అని తటపటాయించే మార్చి నెల మూడో మంగళవారం నాడు, సూర్యభగవానుడు కొండెక్కక మునుపే బిష్కెక్ పోయే మొదటి మినీబస్సులో కిటికీ పక్క సీటును ఆక్రమించిన ఆ ధవళశ్మశ్రువిరాజితుడు, ఆ శ్వేతకంబళోష్ణీషధారి, ఆ షష్టివర్షాతీతుడు ఎవరయ్యా అంటే, మా ఊరి జుమకదిర్. ఉన్ని గుడారాలు కట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. చెబుతాను, మధ్యలో లేవకుండా వినండి.

ఈయన ఎక్కడో జర్మనీ దేశంలో, డీట్‌మార్ అనే పెద్దమనిషి తోటలో, మూడు గుడారాలు నిలబెట్టాడు. పైకప్పు నడినెత్తిన ఉండే కొయ్యచక్రం, మేము తుందుక్ అంటాం, మూడింటికీ తన చేత్తో వంచి బిగించాడు. ఆ దేశంలో వాన తెరిపి ఇవ్వదు. అందుకని వసంతంలో నిలబెట్టడానికి, వేసవిలో తాళ్ళు బిగించడానికి, ఆకులు రాలేవేళ విప్పడానికి, ఏటా మూడుసార్లు వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ వీసా. ఆరుసార్లు వెళ్ళాడు, ఆరూ ఏకప్రవేశ వీసాలే. ఒకసారి లోపలికి అడుగుపెట్టి బయటికొస్తే దాని ఆయుష్షు తీరిపోతుంది, మళ్ళీ మొదటికి. మొన్న శరత్తులో వీసా మూడు వారాలు ఆలస్యమై, ఈయన చేరేసరికి ఉన్ని తడిసి కుళ్ళిపోయింది. డీట్‌మార్ కబురు పెట్టాడు: ఏడాదంతా ఎప్పుడు పిలిస్తే అప్పుడు రాగల వీసా తెచ్చుకో, లేకపోతే మూడింటి మీదా రేకులు వేయించేస్తాను.

రేకులు. ఆ మాట విని జుమకదిర్ ప్రళయకాలరుద్రుడై, దంష్ట్రాకరాళవదనుడై, దిక్కులు పిక్కటిల్లేలా గర్జించాడని రాయాలని నా కోరిక. నిజానికి ఆయన టీ గిన్నె కింద పెట్టి, భార్య బురుల్‌కన్ వైపు చూడకుండా, "నా తుందుక్ మీద రేకులా," అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు గుడారం తాళ్ళు విప్పుతూ, మళ్ళీ ముడేస్తూ కూర్చున్నాడు.

మూడో రోజున ఆ మహాసాధ్వి, ఆ సూక్ష్మబుద్ధిశాలిని, ఎవరికీ తట్టని ప్రశ్న వేసింది.

"అసలు అనేకసార్ల వీసా కావాలని నువ్వెప్పుడైనా అడిగావా?"

"వీసా కచేరీ కిటికీ దగ్గరి అమ్మాయే అడిగింది, ఎన్నిసార్లకి కావాలి తాతా అని."

"నువ్వేమన్నావు?"

"ఒక్కటి చాలు తల్లీ అన్నా."

"ఆరుసార్లూనా?"

"నేనేం చెయ్యను? అది రెండోసారి అడగలేదు."

ఇందులో ఆయన తప్పేమీ లేదు. మాలో పెట్టేవాళ్ళు మూడుసార్లు అడగాలి, తినేవాడు రెండుసార్లు వద్దనాలి. అడగ్గానే చెయ్యి చాపేవాడికి పిల్లనిచ్చేవాళ్ళు ఉండరు. జుమకదిర్ పుట్టిన దగ్గర్నుంచీ అడగ్గానే ఔనన్న పాపాన పోలేదు. పాపం, ఆ వీసా కిటికీకి ఈ మర్యాద ఎవరు నేర్పుతారు?

అప్పుడు ఆరంభమైంది ఆ ఇంట్లో సప్తదినమహాశిక్షణ. బురుల్‌కన్ పొగలు కక్కే మాంసం పళ్ళెం తెచ్చి, "తింటావా?" అని ఒక్కసారి అడిగేది. "అబ్బే, ఆకలి లేదు," అనేవాడు ఆయన. ఆవిడ మారుమాట లేకుండా పళ్ళెం వెనక్కి తీసుకుపోయేది. మొదటి రోజు ఆయన నవ్వాడు. రెండో రోజు అలిగాడు. మూడో రోజు మా గడప తొక్కాడు. మా ఆవిడ మూడుసార్లు అడిగి కడుపునిండా పెడితే, సంగతి తెలిసిన బురుల్‌కన్ వచ్చి మా ఆవిణ్ణి కడిగిపారేసింది. ఐదో రోజుకు, కళ్ళు మూసుకుని, గోడవైపు తిరిగి, "తింటా," అన్నాడు. ఏడో రోజుకు కళ్ళు తెరిచి అనగలిగాడు.

ఇక యుద్ధఘట్టం. బిష్కెక్ నగరంలో, వీసా కచేరీలో, నాలుగో నంబరు గాజు కిటికీ అనే దుర్భేద్యదుర్గం ముందు, ఉద్యోగపత్ర, ఆహ్వానపత్ర, బీమాపత్ర, ఛాయాచిత్రాది సమస్తాయుధసంపన్నుడై నిలిచాడు మన వీరుడు. లోపల చొల్పోన్ అనే అమ్మాయి, ఆరుసార్లూ చూసిన అమ్మాయే, కలం పట్టుకుని ఉంది.

"తాతా, ఒక్కసారి వెళ్ళడానికా, రెండుసార్లకా, అనేకసార్లకా?"

ఆహా, ఏమని వర్ణించను. నాభిస్థానం నుంచి 'వద్దు' అనే మహాస్త్రం బుసకొడుతూ లేచింది. దాని వెనకాల జుమకదిర్ ఏడు తరాల తాతలూ టోపీలు సర్దుకుంటూ వరుసగా నిలబడ్డారు. ఒరేయ్, పరువు తియ్యకురా అన్నాడు మూడో తాత. కంఠసీమలో కలకలం, జిహ్వాగ్రాన తొక్కిసలాట, ఫాలభాగాన స్వేదబిందుసహస్రం. ఆ హోరులో ఎక్కడి నుంచో, రేకు మీద వాన పడుతున్న చప్పుడు వినబడిందాయనకు.

"అనేకం," అన్నాడు.

"ఏంటి తాతా? వినబడలేదు."

"అనేకసార్లు తల్లీ. సిగ్గు విడిచి అడుగుతున్నా, ఏమనుకోకు."

చొల్పోన్ నవ్వలేదు. "మా తాత కూడా ఇంతే. ఆకలేసినా చెప్పడు," అంటూ గడిలో గీత పెట్టింది. కోట కూలింది. విజయదుందుభులు మోగాల్సిన ఆ క్షణాన, ఎవరూ ఊహించని రెండో వ్యూహం దిగింది.

"ఎన్నేళ్ళకి? ఏడాదా, రెండేళ్ళా, ఐదేళ్ళా?"

దీనికి శిక్షణ లేదు. పద్మవ్యూహంలో అభిమన్యుడికేం తెలుసో ఈయనకూ అంతే తెలుసు. నోరు దానంతటదే తెరుచుకుంది. "ఏడాది చాలు తల్లీ." వెనకాల వరుసలో ఎవరో దగ్గారు. కలం ఒక్క క్షణం ఆగింది. కానీ రెండోసారి అడిగే రూలు ఆ కిటికీకి లేదు కదా, రాసేసింది.

పంతొమ్మిదో నాడు పాస్‌పోర్టు ఇంటికి వచ్చింది. అనేక ప్రవేశాలు, ఒక సంవత్సరం. ఈ ఏటికి రేకుల గండం గడిచినట్టే. బురుల్‌కన్ కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏడాదేనా? ఇంకా పెద్దది లేదా?"

"ఐదేళ్ళది ఉందట."

"వాళ్ళు అడిగారా?"

"అడిగారు. ఒకసారి."

ఆవిడ పాస్‌పోర్టు మూసి పక్కన పెట్టింది. తిడుతుందని ఆయన టోపీ వైపు చెయ్యి చాపాడు. ఆవిడ లేచి, మధ్యాహ్నం వండిన మాంసం కుండా, తనకని వడ్డించుకున్న పళ్ళెమూ తెచ్చి, పళ్ళెంలోకి, కుండలోకి మార్చి మార్చి చూసుకుంది.

"నేర్పింది ఒక్క ప్రశ్నకే. తప్పు నాదేలే. కూర్చో. ఎన్ని ముక్కలు వెయ్యను?"

"ఐదు," అన్నాడు జుమకదిర్.

కుండలో ఉన్నవి మూడే. బురుల్‌కన్ ఆ మూడూ వేసి, తన పళ్ళెంలోంచి రెండు తీసి పైన పెట్టింది. ఆయన వద్దనబోయి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

కావున ఓ తియన్‌షాన్ శిఖరాల్లారా, ఓ గడ్డకట్టని సరోవరమా, సర్వులూ ఆలకించండి. ఏడు తరాల వంశచరిత్రలో ప్రథమంగా, ప్రథమప్రశ్నకే, ఒక మగవాడు తన ఇంట్లో తనకు ఎన్ని ముక్కలు కావాలో చెప్పాడు. ఐదూ తిన్నాడు కూడా.