తగు చర్య నిమిత్తం

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర రాసిన అర్జీ ఆ చివరికి చేరేసరికి రాసినవాడికి మనవలు పుట్టేంత పెద్ద అడవిలో, వనపాలన కార్యాలయం అని ఒక ఆఫీసుండేది.

మద్దిచెట్టు మొదట్లో రెండు గదులు. లోపలి గదిలో అధికారి, ఎలుగుబంటి భీమశంకరం గారు. బయటి గదిలో గుమాస్తా, ఉడుత చారయ్య. ఆకుల మీద అర్జీలు రాసే రోజులు పోయి ఇద్దరి బల్లల మీదా కంప్యూటర్లు వెలిశాయి. వాటిలో మెయిల్ ప్రోగ్రాం పొద్దున తెరిస్తే సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. అడవిలో ఎవరికే కష్టమొచ్చినా అందులో వచ్చి పడుతుంది.

ఆ ఆఫీసుకో పద్ధతి ఉంది. భీమశంకరం గారు ఏ ఉత్తరమూ చదవరు. సింహం గారి దగ్గర్నుంచి వచ్చిందో, తన బావమరిది దగ్గర్నుంచి వచ్చిందో అయితే మాత్రం పైన "తగు చర్య నిమిత్తం" అని మూడు మాటలు తగిలించి చారయ్యకి పంపుతారు. చారయ్యా చదవడు. ఆ మూడు మాటలు కనబడితే చాలు, లోపల "కోరుతున్నాను" అనో "ప్రార్థిస్తున్నాను" అనో ఉన్నచోట "ఆదేశించడమైనది" అని మార్చి, కింద అధికారి సంతకం బొమ్మ అతికించి, ప్రింటు తీసి పావురాలకిస్తాడు. అవి పట్టుకెళ్ళి చేరాల్సిన చోట చేరుస్తాయి. ఆ మూడు మాటలు లేని ఉత్తరానికి మాత్రం "మీ విన్నపం పరిశీలనలో ఉంది" అని జవాబు కొట్టి, దాన్ని "పరిష్కరించినవి" అనే ఫోల్డర్లో పడేస్తాడు.

ఇలా వారానికి నాలుగు ఉత్తర్వులు బయటికొస్తే గొప్ప. అధికారి గారి బద్ధకమే అన్నాళ్ళూ ఆ ఆఫీసుని నిలబెట్టింది. ఈ సంగతి అప్పటికింకా ఎవరికీ తెలీదు.

చారయ్యకి విసుగొచ్చింది. రోజుకి రెండొందల సార్లు అదే జవాబు కొట్టి కొట్టి ముందుకాళ్ళు లాగేస్తున్నాయి. వారం రోజులు భోజనాల వేళ కూర్చుని, అక్కడా ఇక్కడా చదివి స్క్రిప్టు రాయడం నేర్చుకున్నాడు. తను చేసే పనంతా వరసగా రాసి కంప్యూటరుకి అప్పగించాడు. ఉత్తరం రాగానే అదే చూసుకుంటుంది. మూడు మాటలుంటే ఉత్తర్వు, లేకపోతే పరిశీలన. చారయ్య రెప్పవేసేలోపు పని అయిపోతుంది.

ఒక్కటే చిక్కు. స్క్రిప్టు ఉత్తరం పంపబోయిన ప్రతిసారీ మెయిల్ ప్రోగ్రాం అడ్డొచ్చి, "వేరే ప్రోగ్రాం ఒకటి మీ పేరుతో ఉత్తరం పంపబోతోంది. పంపనివ్వమంటారా?" అని అడిగేది. చారయ్య ఇంకో రెండు లైన్లు రాసి, ఆ ప్రశ్నకి "సరే" నొక్కే పని కూడా స్క్రిప్టుకే ఇచ్చేశాడు. ఆపైన బల్ల మీద కాళ్ళు చాపుకుని వేరుసెనక్కాయలు ఒలుచుకోసాగాడు.

అలా ఒలుచుకుంటున్న రోజుల్లోనే తాబేలు తామరమ్మ వచ్చింది. వాగు దగ్గర్నుంచి ఆఫీసుకి రావడానికి ఆవిడకి రెండు రోజులు పట్టింది.

"నాయనా, మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ ఒకటే జవాబొచ్చింది."

"ఏమనొచ్చింది పెద్దమ్మా?"

"పరిశీలనలో ఉందని. పరిశీలించడానికి ఎవరైనా వస్తారేమో అని కూర్చున్నాను. ఎవరూ రాలేదు."

చారయ్య ఫోల్డర్లో వెతికాడు. "నీ మూడు ఉత్తరాలూ పరిష్కారమైపోయాయే. ఇదిగో, ఇక్కడున్నాయి."

"పరిష్కారమైతే వాగొడ్డున ఆ రోడ్డు జెండాలెందుకున్నాయయ్యా?" అంది తామరమ్మ. "నా గుడ్లు ఇరవయ్యెనిమిది ఆ ఇసకలోనే ఉన్నాయి. పిల్లలు బయటికి రావడానికి ఇంకా పదిహేడు రోజులు పడుతుంది. అడవిదున్నలు ఎల్లుండి రోడ్డు చదును మొదలెడతాయట. నేను రోడ్డు వద్దనలేదు. పదిహేను రోజులు ఆగమన్నాను, అంతే."

చారయ్య చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆ ఉత్తరం తన కంప్యూటరుకి మూడుసార్లు వచ్చిందని, మూడుసార్లూ తను కాయలు ఒలుచుకుంటున్నాడని గుర్తొచ్చి సిగ్గేసింది. కానీ మూడు మాటలు లేకుండా ఉత్తర్వు తీస్తే ఉద్యోగం ఊడుతుంది.

"పెద్దమ్మా, నాకు రాయకు. తిన్నగా సార్‌కే రాయి."

"ఆయన చదువుతారా?"

"చదవరు," అన్నాడు చారయ్య. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

తామరమ్మ వచ్చిన దారినే వెనక్కి బయల్దేరింది.

ఆ మధ్యాహ్నం భీమశంకరం గారు తేనె డబ్బా మూత రావడం లేదని బయటికొచ్చి, గుమాస్తా కాళ్ళు చూశారు.

"ఏమయ్యా, పనిలేదా?"

"అయిపోయింది సార్."

"ఎప్పుడు?"

"ఎప్పటికప్పుడు అయిపోతుంది సార్." చారయ్య కాళ్ళు దించి స్క్రిప్టు సంగతంతా చెప్పాడు.

భీమశంకరం గారు తిట్టలేదు. ఆయనకి వెంటనే అసూయ పుట్టింది. గుమాస్తాకున్న సుఖం అధికారికి లేకపోవడం ఏ ఆఫీసులోనైనా అవమానమే కదా.

"నాకూ పెట్టు. నాకొచ్చిన ఉత్తరాలన్నిటికీ తగు చర్య నిమిత్తం అని రాసి నీకు పంపేటట్టు పెట్టు."

"అన్నిటికీనా సార్?"

"కొన్నిటికే అంటే, ఏవో ఎవరో చూడాలిగా? నేనా? నువ్వా?"

చారయ్యకి ఏదో లెక్క కుదరడం లేదనిపించింది. పాత ఉత్తరాలు తొమ్మిది వేలు పరిష్కరించినవి ఫోల్డర్లోకి తోసేసి, కొత్తగా వచ్చేవాటికి స్క్రిప్టు పెట్టాడు. నడిపించి చూస్తే, తెర మీద ఆ ప్రశ్న ప్రత్యక్షమైంది.

"పంపనివ్వమంటారా అని అడుగుతోందేమిటి? నన్నడగడానికి ఇదెవరు? తీసెయ్," అన్నారు భీమశంకరం గారు.

ఆ ఆఫీసు మొత్తంలో "ఇది పంపమంటారా?" అని అడిగే నోరు అదొక్కటే ఉంది. దాన్ని కూడా మూయించారు.

తామరమ్మ వాగు చేరేసరికి దున్నలు పలుగులు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాయి. మేస్త్రీ అడవిదున్న గంగులు జెండాలు లెక్కపెట్టుకుంటున్నాడు. తామరమ్మకి నమ్మకం లేదు. అయినా చేయగలిగింది ఇంకొకటి లేక, అదే ఉత్తరం నాలుగోసారి, ఈసారి అధికారికి పంపి, గుడ్ల మీది ఇసకలో కూర్చుంది.

భీమశంకరం గారి కంప్యూటరు ఆ ఉత్తరానికి మూడు మాటలు తగిలించి చారయ్య కంప్యూటరుకి పంపింది. చారయ్య కంప్యూటరు మూడు మాటలు చూసింది. గంగులు మొదటి అడుగు వేసేలోపు పావురం వచ్చి వాలింది.

గంగులు కాగితం చదివాడు. "వాగొడ్డున పదిహేను రోజులు పని ఆపమని ఆదేశించడమైనది. కింద సంతకం కూడా ఉంది. ఒరే, ఆపండ్రా."

తామరమ్మ మెడ లోపలికి లాక్కుని చాలాసేపు ఏడ్చింది.

ఇలాంటి సంగతి అడవిలో దాగుతుందా? అధికారికి రాస్తే చాలు, రాసింది రాసినట్టు అయిపోతోందని తెల్లారేసరికి అందరికీ తెలిసింది. ఇక చూడండి. చిరుతలు నీటిగుంట వైపు రాకూడదని లేళ్ళు కోరాయి. మంజూరు. లేళ్ళు రోజూ ఒక్కొక్కటిగా, లావుపాటివి ముందుగా నీటిగుంటకి రావాలని చిరుతలు కోరాయి. మంజూరు. గుడ్లగూబలు మధ్యాహ్నాలు రద్దు చేయమన్నాయి. మంజూరు. ముళ్ళపంది తనని అందరూ రోజుకోసారి కౌగిలించుకోవాలని రాశాడు. అదీ మంజూరే, కాకపోతే అమలు దగ్గర కొంత తాత్సారం జరిగింది.

నాలుగు రోజులు అడవి అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. నీటిగుంట దగ్గర ఒకరి ఉత్తర్వు ఒకరు చూపించుకుంటూ లేళ్ళూ చిరుతలూ ఇంకా వాదించుకుంటున్నాయి కాబట్టి ఎవరూ ఎవర్నీ తినలేదు కూడా. సింహం గారు వనపాలనలో పెండింగు సున్నా అని విని, మర్నాడు స్వయంగా తనిఖీకి వస్తున్నానని కబురు పెట్టారు.

ఆ సాయంత్రం గంగులు ఒక మోపు కాగితాలు మోసుకొచ్చి భీమశంకరం గారి బల్ల మీద వేశాడు.

"సారూ, రోడ్డు వాగుకి కుడిపక్కన వెయ్యమని మీరే రాశారు. ఎడంపక్కన వెయ్యమనీ మీరే. అసలు వెయ్యొద్దనీ మీరే. నేనేది చెయ్యాల?"

భీమశంకరం గారు ఇరవై ఏళ్ళలో మొదటిసారి తన ఉత్తర్వులు తను చదివారు. చదివేకొద్దీ ఒంటిమీది బొచ్చు లేచింది.

"చారయ్యా, ఆపు దీన్ని."

"మెయిల్ ప్రోగ్రాం మూసేస్తే ఆగుతుంది సార్. కానీ మూశాక వచ్చినవన్నీ పెండింగులో కనబడతాయి."

"ఎన్నొస్తాయి?"

"గంటకి మూడొందలు."

"రేపు సింహం గారొస్తున్నారయ్యా." భీమశంకరం గారు పంజా నుదుటికి కొట్టుకున్నారు. "మూయకు. నేను చెప్పేదాకా దాని జోలికి వెళ్ళకు. గంగులూ, ఉత్తర్వులన్నీ రద్దు చేస్తూ నేనే స్వయంగా కొడతాను. తామరమ్మది కూడా. ముందు ఆ వాగు దగ్గరే మొదలెట్టు. సింహం గారు ఆ దారినే వస్తారు."

గంగులు మెల్లగా అన్నాడు. "ఇంకా పదకొండు రోజులుంది సారూ, ఆ గుడ్లకి."

"కాగితం రాగానే దిగు."

భీమశంకరం గారు కూర్చుని, ఒక్క గోటితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళుగా మూడు మాటలు తప్ప ఏమీ కొట్టని గోరు అది. "ఇంతవరకు" అనే మాట పూర్తయ్యేసరికి పావుగంట పట్టింది.

సరిగ్గా అప్పుడే బయటి గదిలో చారయ్య తెర మీద ఒక ఉత్తరం మెరిసింది. కాకి కాంతారావుది. కాంతారావు అర్జీలు రాయడమే వృత్తిగా పెట్టుకున్నవాడు. పదేళ్ళుగా వారానికొకటి చొప్పున ఒకే అర్జీ పంపుతున్నాడు: "ఈ అధికారిని ఈ క్షణం నుంచే ఉప్పుగుట్టకి బదిలీ చేయమని ప్రార్థిస్తున్నాను."

దానిపైన మూడు మాటలున్నాయి.

చారయ్య చెయ్యి ప్రోగ్రాం మూసే గుర్తు మీదికి వెళ్ళింది. ఉద్యోగధర్మం మూసేయమంది. ఇసకలో కూర్చున్న ముసలావిడ గుర్తొచ్చింది. లోపలి గదిలోంచి గోరు టక్కు, టక్కుమంటోంది.

"సార్," అన్నాడు చారయ్య, "నిజంగా మూయొద్దంటారా?"

"ఒకసారి చెప్తే అర్థం కాదా నీకు?"

"చిత్తం సార్," అని చారయ్య చెయ్యి వెనక్కి తీసుకుని ఒక కాయ ఒలుచుకున్నాడు.

ప్రింటరు కదిలింది. పావురాలు ఎగిరాయి. ఒకటి సింహం గారి గుహకి, ఒకటి గంగులు దగ్గరికి, ఒకటి గుమ్మం దాటి లోపలి గదిలోకే.

ఇంకో గంటకి భీమశంకరం గారు రద్దు ఉత్తర్వు పూర్తిచేసి, చెమట తుడుచుకుని, గంగులు చేతికిచ్చారు. గంగులు దాన్ని చదివి, రెండో చేతిలోని కాగితం చదివి, మొదటిది గౌరవంగా తిరిగిచ్చేశాడు.

"ఇది చెల్లదు సారూ. గంట కిందటే మీరు బదిలీ అయిపోయారు."

"ఎవరు చేశారు?"

"మీరే సారూ. మీ సంతకమే."

భీమశంకరం గారు కాగితం అటూ ఇటూ తిప్పారు. సంతకం తనదే. తను పెట్టలేదని చెబితే మిగతా సంతకాలు ఎవరు పెట్టారని అడుగుతారు. తేనె డబ్బా చంకనపెట్టుకుని ఉప్పుగుట్ట దారి పట్టారు. డబ్బా మూత ఇంకా రాలేదు.

పదకొండు రోజుల తర్వాత ఇసక కదిలింది. ఇరవయ్యెనిమిదిలో ఇరవయ్యారు పిల్లలు బయటికొచ్చి, ఎవర్నీ ఏమీ అడక్కుండా తిన్నగా నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. తామరమ్మ వాటిని లెక్కపెట్టుకుని, ఆఫీసుకి ఒక ధన్యవాదాల ఉత్తరం రాసింది. అది పరిశీలనలో ఉందని జవాబొచ్చింది.

అధికారి బదిలీ అయిన మర్నాడే తనిఖీకి వచ్చిన సింహం గారు ఖాళీ కుర్చీ చూశారు, సున్నా పెండింగు చూశారు, చారయ్య భుజం తట్టారు.

"అధికారి లేకుండానే ఇంత పని జరుగుతోందంటే మెచ్చుకోవలసిందే. రేపొచ్చి నా గుహలోనూ ఇదే పెట్టు. మధ్యలో ఏవో ప్రశ్నలు అడుగుతుందట కదా. నాకలాంటివి గిట్టవు."

"చిత్తం," అన్నాడు చారయ్య.

మద్దిచెట్టు పైకొమ్మ మీద కాకి కాంతారావు ఈ మాట విని, ముక్కు తుడుచుకుని, కొత్త అర్జీ మొదలుపెట్టాడు.

నీతి: చదవకుండా సంతకం పెట్టే అధికారి అడవికి వరం; అన్నీ ఒకేలా చదవకుండా ఉండాలి, అంతే.